చేతివాపుకు కొలిచి అల్లించిన కంప్రెషన్ తొడుగు: వాడి చూసిన తరువాత

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత చెయ్యి వాచినవారికి వైద్యులు రాసే కంప్రెషన్ తొడుగులు, అంటే చేతిని బిగుతుగా నొక్కి పట్టే తొడుగులు, రెండు రకాలుగా దొరుకుతాయి. మందుల దుకాణాల్లో చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో పెట్టెలో వచ్చే రెడీమేడ్ తొడుగు మొదటిది. రోగి చేతి కొలతలు కంపెనీకి పంపి అల్లించుకునే ఫ్లాట్ నిట్ తొడుగు, అంటే బల్లపరుపుగా అల్లి పక్కన కుట్టినది, రెండోది. మా అమ్మగారి కుడి చేతికి ఈ రెండూ వాడాం. రెండోదానికి మొదటిదానికంటే మూడింతలకు పైనే ఖర్చయింది. ఆ డబ్బు ఎవరు పెట్టాలో, ఎవరు పెట్టనక్కర్లేదో ఇక్కడ రాస్తున్నాను. వాపు స్వల్పంగా ఉండి, చేతి ఆకారం మారనివారికి రెడీమేడ్ తొడుగు సరిపోవచ్చు. ఈ మాట మాకు ఖరీదైన తొడుగు కొలిచిన ఫిజియోథెరపిస్టే చెప్పారు.

మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లె. అమ్మగారికి శస్త్రచికిత్సలో చంకలోని బిళ్ళలు, అంటే శోషరస గ్రంథులు తీసివేశారు, ఆపైన రేడియేషన్ కూడా ఇచ్చారు. గాయం మానిపోయి, ఏడాది దాటేవరకు చెయ్యి మామూలుగానే ఉంది. ఒక పెళ్లి నుంచి వచ్చి పట్టు రవిక విప్పినప్పుడు, కుడి దండ మీద మాత్రమే అంచు అచ్చు లోతుగా పడి ఉంది, తెల్లవారినా పోలేదు. క్రమంగా ఆ చేతికి గాజులు ఎక్కడం మానేశాయి, ముంజేతిని బొటనవేలితో నొక్కి వదిలితే గుంట అలాగే నిలిచిపోయేది.

ఈ వాపు ఎందుకు వస్తుందో తెలియకుండా తొడుగు మంచిచెడ్డలు తేల్చడం కుదరదు. రక్తకేశనాళికల నుంచి కొంత ద్రవం, దానితోపాటు మాంసకృత్తులు నిరంతరం కణజాలంలోకి ఊరుతుంటాయి. వాటిని శోషరస నాళాలు సేకరించి, చంకలోని గ్రంథుల మీదుగా తీసుకువెళ్లి, మెడ మొదట్లో ఉన్న పెద్ద సిరల్లో కలుపుతాయి. డెల్టాలో పుట్టినవారికి దీన్ని విడమరచి చెప్పే పని లేదు: ధవళేశ్వరం నుంచి పంట కాలువలో నీరు సక్రమంగా వస్తున్నా, గుర్రపుడెక్క పట్టి మురుగు కాలువ పూడిపోతే చేను ముంపులో పడుతుంది. గ్రంథులు తీసివేయడం వల్ల, రేడియేషన్‌కు చుట్టూ ఉన్న కణజాలం గట్టిపడి బిగుసుకోవడం వల్ల ద్రవం పోయే దారి ఇరుకవుతుంది.

అయితే వాపు వెంటనే రాకపోవడమే చాలామందిని మభ్యపెడుతుంది. మిగిలిన నాళాలు కొంతకాలం అదనపు భారాన్ని మోస్తాయి. ఈ నాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. అది తనంతట తాను ముడుచుకుంటూ ద్రవాన్ని పైకి నెడుతుంది, లోపలి కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు. నెలల తరబడి ఒత్తిడి పడేసరికి గోడలు మందమై, ముడుచుకునే శక్తి తగ్గి, కవాటాలు సరిగా మూసుకోవడం మానేస్తాయి. నిలిచిపోయిన మాంసకృత్తుల వల్ల కణజాలంలో మంట (ఇన్‌ఫ్లమేషన్) రగులుతుంది, పీచు కణజాలం పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. మొదటి దశలో చేతిని ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే వాపు తగ్గుతుంది. తరువాతి దశలో తగ్గదు, ఎందుకంటే అప్పటికి అక్కడ ఉన్నది నీరు ఒక్కటే కాదు. మా ఊళ్లో వైద్యం చేసే ఒకాయన రాసిన నీరు లాగే మాత్రలు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. అవి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి గాని, చేతిలో పేరుకున్న మాంసకృత్తులను కదల్చలేవు.

రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి చేతివాపు వస్తుందని 2013లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ తేల్చింది. చంకలోని గ్రంథులను మొత్తంగా తొలగించినవారిలో అది 20 శాతం దాకా ఉంటే, పరీక్ష కోసం ఒకటి రెండు మాత్రమే తీసినవారిలో 5, 6 శాతమే ఉంది.

ఉభయ గోదావరి జిల్లాల్లో వాపు అనగానే అందరి నోటా మొదట వచ్చే మాట బోద. మా పక్కింటి పిన్నిగారు, "వదినా, అది బోద కాదు గదా, పిల్లల్ని ఎత్తుకోకు" అని అమ్మగారితో అన్నారు. బోదకాలులో కూడా దెబ్బతినేది శోషరస వ్యవస్థే. కాని అక్కడ క్యూలెక్స్ దోమ ద్వారా ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగులు నాళాల్లో కాపురం పెట్టి వాటిని ఉబ్బించి పాడుచేస్తాయి. ఇక్కడ కత్తి, రేడియేషన్ ఆ పని చేశాయి. ఫైలేరియా నివారణకు పంచే డీఈసీ మాత్రలకు ఈ చేతివాపుతో సంబంధం లేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి సోకేదీ కాదు. బోదకాలు కూడా ముట్టుకుంటే అంటదు.

ఇక తొడుగుల సంగతి. మొదట మేము దగ్గరి పట్టణంలోని ఒక దుకాణంలో రెడీమేడ్ తొడుగు కొన్నాం. అక్కడ టేపు తీయలేదు. చేతిని చూసి, పెద్ద సైజు ఇచ్చి పంపారు. ఈ తొడుగుల్లో ఒత్తిడి మణికట్టు దగ్గర ఎక్కువగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి. మాకిచ్చినది మణికట్టు దగ్గర వదులుగా, దండ దగ్గర బిగుతుగా ఉండడంతో, పై అంచు చుట్టుకుపోయి తాడు కట్టినట్టు పట్టేసేది. పైగా అది మణికట్టుతోనే ఆగిపోయే రకం. పైనుంచి నొక్కుడు పడి, చోటు లేని ద్రవం అరచేతి వెనక్కి దిగింది. అంతకుముందు వాపు లేని వేళ్లు కూడా ఉబ్బాయి. మార్చి ఇమ్మంటే, వాడిన వస్తువు వెనక్కి తీసుకోబోమని అన్నారు. ఇలాంటి సరుకు అమ్మేవారు టేపు పట్టుకోవడం నేర్చుకోకపోతే, అసలు అమ్మకపోవడమే మేలు.

కొలిచి అల్లించే తొడుగు కోసం రాజమహేంద్రవరంలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్లాం. నాకు వారి మీద గురి కుదిరింది వారు మొదటే కొలవడానికి ఒప్పుకోనప్పుడు. "ఇప్పుడు కొలిస్తే ఈ వాపే కొలతలో నిలిచిపోతుందమ్మా, ముందు తగ్గిద్దాం" అన్నారు అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి. ముందుగా మెడ దగ్గర, ఎడమ చంక దగ్గర మొదలుపెట్టి, చర్మాన్ని అతి తేలికగా కదిలిస్తూ మర్దన చేశారు; మన ఇళ్లలో నూనె పట్టించి చేసే మర్దనకూ దీనికీ పోలిక లేదు. ఆ తరువాత దూది పొర వేసి, ఎక్కువ సాగని కట్టు పొరలు పొరలుగా చుట్టారు. కట్టుతోనే వేళ్లు, మోచెయ్యి ఆడించే వ్యాయామాలు చేయించారు, ఎందుకంటే లోపల కండరం ఉబ్బి, బయట కట్టు సాగకపోతేనే ద్రవం కదులుతుంది. చుట్టుకొలత ఇక తగ్గడం ఆగిన తరువాత, ఉదయం పూట, చేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, మణికట్టు మొదలు చంక వరకు కొలతలు తీశారు. అరచేతి చుట్టు, ప్రతి వేలి మొదలు కూడా కొలిచి, వేళ్ల తొడుగును విడిగా రాశారు. మాకు రాసినది రెండో తరగతి, అంటే పాదరసం మట్టంలో 23 నుంచి 32 మిల్లీమీటర్ల ఒత్తిడి.

వచ్చిన వస్తువు చూడడానికి ముతకగా, పక్కన కుట్టుతో, అందవికారంగా ఉంటుంది. ఆ ముతకదనమే దాని గుణం. మడతల్లోకి దిగదు, మోచేతి ముడత దగ్గర కోసుకుపోదు. పొద్దున్న లేవగానే, గరుకైన రబ్బరు చేతి తొడుగులు వేసుకుని, కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ఎక్కించాలి. గోళ్లతో లాగితే దారాలు తెగుతాయి. ఇప్పుడు అమ్మగారి చెయ్యి సాయంత్రానికి బరువెక్కడం లేదు, వేళ్ల వాపు పూర్తిగా పోయింది, ముంజెయ్యి మెత్తబడింది. దండ వెనక గట్టిపడిన భాగం మాత్రం అలాగే ఉంది, అది తొడుగుతో తగ్గుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

లోపాలు లేకపోలేదు. మే నెల ఉక్కపోతలో కుట్టు వెంట చెమటకాయలు లేస్తాయి, సరిగ్గా వేడికి వాపు పెరిగే ఆ రోజుల్లోనే తొడుగు తీసేయాలనిపిస్తుంది. బియ్యం కడిగినా అంట్లు తోమినా వేళ్ల తొడుగు తడుస్తుంది. విడిగా చేయించడం వల్ల అదొక్కటే తీయగలుగుతున్నాం. రోజూ ఉతికి నీడన ఆరేయాలి, పిండకూడదు. వానాకాలంలో మర్నాటికి ఆరదు కాబట్టి రెండు ఉండక తప్పదు. ఆర్డరు ఇచ్చాక వారాల తరబడి ఎదురుచూడాలి, అంతవరకు కట్టే గతి.

తొడుగు ఉన్నంత మాత్రాన జాగ్రత్త తగ్గించకూడదు. రొయ్యలు వలుస్తుంటే గుచ్చుకున్న ముల్లు కూడా ఈ చేతిలో పెద్ద ఇన్‌ఫెక్షన్ తేగలదు, అలాంటిది వచ్చిన ప్రతిసారీ మరికొన్ని నాళాలు పాడవుతాయి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే తొడుగు తీసి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గుండె వైఫల్యం అదుపులో లేనివారు, ధమనుల జబ్బు ఉన్నవారు, సిరలో గడ్డ కట్టినవారు వైద్యుని అనుమతి లేకుండా దీన్ని వేసుకోకూడదు.

రోజూ వాడితే సుమారు ఆరు నెలలకు దీని పట్టు సడలుతుంది. అప్పుడు పాత కొలతలతోనే మరొకటి పంపుతామని కంపెనీ ఫోన్లో చెబుతుంది గాని, చెయ్యి ఈలోగా మారి ఉంటుంది కాబట్టి, మళ్లీ వెళ్లి కొలిపించుకున్న తరువాతే ఆర్డరు ఇవ్వండి.