లాంగ్‌బో, రికర్వ్, కాంపౌండ్: వేటవిద్య నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

"అన్నా, విల్లు కొందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావు?"

కనకపుర రోడ్డు వైపు ఒక మామిడితోటలో మేం నలుగురం ఆదివారాలు బాణాలు వేస్తామని తెలిసినప్పటి నుంచి బెంగళూరులోని మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఈమధ్య దీనికి ఇంకోటి తోడైంది. ఉద్యోగాలకని అమెరికా వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు అక్కడ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకను వేటాడాలనుకుంటున్నారు. వెళ్లేలోగా ఇక్కడే సాధన చేయాలని వాళ్ల ఆశ. పోయిన నెల నేను కూడా లాంగ్‌బో (పొడవుగా, దాదాపు నిటారుగా ఉండే పాతకాలపు విల్లు) పక్కన పెట్టి విడదీసే రికర్వ్ (కొనలు ముందుకు వంగి ఉండే విల్లు) తీసుకున్నాను. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మన దేశంలో వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో విల్లుకు మినహాయింపు ఏమీ లేదు. చెవులపిల్లి, అడవిపంది కూడా ఆ చట్టం షెడ్యూళ్లలో ఉన్నవే. పంట పాడుచేస్తున్నాయని ఊళ్లో ఎవరు పిలిచినా విల్లు పట్టుకుని వెళ్లకండి. మేం వేసేది నురుగుతో చేసిన జింక, పంది బొమ్మల మీదే.

ఇక విల్లు. వేటకు ఏది మేలో తేల్చేది విల్లు వేగమూ కాదు, అందమూ కాదు, మన మొదటి బాణం. రేంజిలో వరసగా ఆరు బాణాలు వేసి, నాలుగు మధ్యలో పడితే సంతోషపడతాం. జింక ముందు ఆ ఆరు ఉండవు. చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చుని, కండరాలు బిగుసుకుపోయి ఉండగా, ఒక్క బాణం వేయాలి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు మనం టిఫిన్ తినే పళ్లెమంత ఉంటుంది. ఆ ఒక్క బాణం అందులోనే పడాలి. బాణం తూటాలాగా దెబ్బతో పడగొట్టదు, రక్తనాళాలు కోసి చంపుతుంది. పొట్టలో దిగితే ఆ జీవి గంటల కొద్దీ నరకం అనుభవిస్తుంది. ఇది నాకు అన్నిటికంటే పెద్ద విషయం.

అందుకే నా పరీక్ష ఇలా ఉంటుంది. రోజూ పొద్దున వార్మప్ లేకుండా, పళ్లెం మీదకి ఒకే బాణం. నెలంతా ఏ దూరం నుంచి ఒక్కటి కూడా పళ్లెం దాటకుండా పడిందో అదే మన వేట దూరం. ముప్పై రోజుల్లో ఒక్కటి తప్పినా ఆ దూరం మనది కాదు.

లాంగ్‌బోతో ఈ పరీక్షలో నేను పది మీటర్ల దగ్గరే ఆగిపోయాను. తప్పు విల్లుది కాదు. లాంగ్‌బో అంత నిశ్శబ్దమైనది, నమ్మకమైనది మరొకటి లేదు. చేతిలో పట్టుకుంటే వచ్చే ఆనందం వేరు. కానీ నాది ఒకే ముక్కగా వచ్చిన 45 పౌండ్ల బిగువున్న విల్లు, అంటే పూర్తిగా లాగడానికి అంత బలం పెట్టాలి. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి లాగితే చేయి దవడ దాకా రాకముందే వేళ్లు వదిలేసేవి. బిగువు తగ్గించుకునే దారి లేదు. విడదీసే రికర్వ్‌లో ఆ దారి ఉంది. మధ్యలో చెక్క పిడి అదే ఉంటుంది, పైనా కిందా లింబులు (వంగే బద్దలు) మాత్రం మార్చుకోవచ్చు. 25, 30 పౌండ్లతో మొదలుపెట్టి, ఆంకర్ (లాగిన చేయి ప్రతిసారీ దవడ మీద ఆనే చోటు) స్థిరపడ్డాక మెల్లగా పెంచుకోవచ్చు. పైగా విప్పితే వీపు సంచిలో పడుతుంది. ఆరడుగులకు దగ్గరగా ఉండే లాంగ్‌బోను బైకు మీద తీసుకెళ్లడం ఎంత కష్టమో సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు.

లింబు మీద రాసిన బిగువు 28 అంగుళాలు లాగినప్పటిది. రెండు చేతులూ చాచి కొలిచి, ఆ పొడవును రెండున్నరతో భాగిస్తే మీ లాగుడు ఇంచుమించుగా తెలుస్తుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 26 వస్తుంది. అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి కాబట్టి 40 అని రాసి ఉన్నది అతని చేతిలో 35. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జింక వేటకు కనీస బిగువు నిర్ణయించాయి, కాబట్టి వెళ్లేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మరి కాంపౌండ్, అంటే కొనల్లో చక్రాలున్న విల్లు? నిజాయితీగా చెప్పాలంటే జంతువు వైపు నుంచి చూస్తే దాని బలం చాలా ఉంది. 50 పౌండ్ల విల్లు పూర్తిగా లాగాక చేతి మీద పది పన్నెండు పౌండ్లే ఉంటుంది, నింపాదిగా గురి చూసుకోవచ్చు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ విల్లుతోనే. వేగం కూడా ఎక్కువ. రికర్వ్ బాణం సెకనుకు 50 మీటర్లు పోతుందనుకుంటే 35 మీటర్లకు 0.7 సెకను పడుతుంది. నారి చప్పుడు జింక చెవికి పదోవంతు సెకనులో చేరుతుంది. మిగిలిన సమయంలో అది కుంగి దూకేస్తుంది, ఊపిరితిత్తులకు వేసిన బాణం వెన్నులో పడుతుంది. కాంపౌండ్ బాణం అదే దూరం 0.4 సెకనులో దాటుతుంది. రోజూ సాధనకు టైం లేదు, అయినా వేట చేసి తీరాలి అనేవాళ్లు సంప్రదాయం పేరు చెప్పి రికర్వ్ పట్టుకోకండి, కాంపౌండ్ తీసుకోండి.

అయినా నా ఓటు రికర్వ్‌కే. పదిహేను మీటర్లలోపు వస్తే తప్ప బాణం వేయలేనని తెలిసినవాడు గాలి ఎటు వీస్తోందో, జింక ఏ దారిన నీళ్లకు వస్తుందో నేర్చుకుంటాడు. చాలాసార్లు బాణం వేయకుండానే తిరిగి వస్తాడు. దశరథుడికి శబ్దాన్ని బట్టి కొట్టే విద్య వచ్చు. ఆ రాత్రి సరయూ ఒడ్డున ఆయన గురి తప్పలేదు కూడా. చూడకుండా వదిలాడు, అంతే. పొదల వెనక కదలికకో, సందె చీకట్లో నీడకో బాణం వేయబోయే ప్రతివాడికీ నేను ఆ కథ గుర్తు చేస్తాను.

గుర్రపు విల్లు (గుర్రం మీద నుంచి వేయడానికి చేసిన పొట్టి విల్లు) బాగుంటుంది కానీ బాణం నేరుగా చేతి మీద నుంచి పోతుంది, రెండో విల్లుగా చూసుకోండి. క్రాస్‌బో (తుపాకీలా పట్టుకుని మీట నొక్కి వేసే విల్లు) గురించి నాకు ఆసక్తి లేదు.

ఆ కుర్రాళ్లిద్దరికీ 30 పౌండ్ల లింబులే ఇప్పించాను. నాలుగు నెలలైంది. పెద్దవాడి పళ్లెం పన్నెండు మీటర్లలో ఉంది, చిన్నవాడిది తొమ్మిదిలో. ప్రయాణం జనవరిలో. మొదటి సీజన్ విల్లు లేకుండా అడవిలో కూర్చుని చూస్తామని వాళ్లంతట వాళ్లే అన్నారు.