పాలకొల్లులో పాత కంప్యూటర్లు చూసే మేడ మీద షాపు

మాది రాజోలు పక్కన. ఇంట్లోనే డీటీపీ చేసుకుంటాను. శుభలేఖలు, దినకర్మ కార్డులు, చుట్టుపక్కల బళ్ళ ప్రశ్నపత్రాలు. నా కంప్యూటరు 2009లో కొన్నది: జీ31 బోర్డు, కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి కంపెనీ వాళ్ళు 2014 ఏప్రిల్లోనే నీళ్ళొదిలేశారని నాకూ తెలుసు, అందుకే దానికి నెట్టు పెట్టను. కానీ పేజీలు కట్టే పేజ్‌మేకర్‌ సాఫ్ట్‌వేరులో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కట్టిన ఇన్నేళ్ళ ఫైళ్ళు అందులో ఉన్నాయి. అవి ఏ మిషన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు, ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే కోడి గీకినట్టు ఏవో గుర్తులొస్తాయి. అక్క పెళ్ళికి నా దగ్గర కార్డు కొట్టించుకున్నవాళ్ళు చెల్లెలి పెళ్ళికి వచ్చి "అదే డిజైను వేసెయ్యండి" అంటారు. ఎక్కడినుంచి తెచ్చి వెయ్యను?

వానలు మొదలయ్యాక దానికి జబ్బు పట్టుకుంది. పొద్దున్నే స్విచ్ వేస్తే నల్ల తెర మీద "డిస్క్ బూట్ ఫెయిల్యూర్" అని తెల్ల అక్షరాలు. సీపీయూ డొక్కలో నాలుగు వేళ్ళతో తడితే రెండోసారికో మూడోసారికో లేచేది. లేచినా నత్తే. పేజ్‌మేకర్ తెరుచుకునేలోపు కాఫీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు. పైగా గడియారం వెనక్కి పోయేది. ఒకావిడ ఫోన్ చేసి "బిల్లు మీద 2009 అని వేశారేంటండీ, నాకప్పటికి పెళ్ళే కాలేదు" అంది.

ముందు దగ్గర్లో రెండు షాపులకి మోశాను. పేర్లు వద్దులెండి. మొదటిచోట పెట్టగానే శుభ్రంగా ఆన్ అయింది. "బానే ఉందిగా" అని 300 పుచ్చుకున్నారు. ఇంటికి తెచ్చిన మర్నాడు మళ్ళీ అదే తంతు. రెండోచోట కుర్రాడు మూత కూడా తియ్యకుండా "హార్డ్ డిస్కు పోయిందండి, 3,500 అవుద్ది, ఆ డబ్బులేవో కొత్తదాని మీద పెట్టుకోండి" అన్నాడు. నా ఫైళ్ళ సంగతేంటంటే భుజాలెగరేశాడు.

మా అన్నయ్య కొడుకు చెబితే పాలకొల్లు వెళ్ళాను. సీపీయూని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, చించినాడ వంతెన మీదుగా. వశిష్ఠ దాటితే జిల్లా మారిపోతుంది, నా దశ కూడా మారుద్దేమో అనుకున్నాను. షాపు పెద్ద గోపురం కనబడే సందులో మేడ మీద. మెట్లు నిచ్చెనలాగే ఉంటాయి, బరువుతో ఎక్కడం ఒక యజ్ఞం. షాపు నడిపే మనిషి తన షాపు పేరు మాత్రం రాయొద్దన్నాడు. "ఉన్నది ఒక్కణ్ణండి, పది మందొస్తే పదకొండోవాడు తిట్టుకుంటాడు" అని.

ఈ మనిషిలో నాకు నచ్చింది స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు అడిగిన ప్రశ్నలు. "పొద్దున్నే మొండికేస్తుందా, వేడెక్కాకా అండి?" "తడితే వస్తుందన్నారు, ఎటుపక్క తడతారు?" "డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటుందా అమ్మా?" మూడోదానికి నేను ఉలిక్కిపడ్డాను. నిజమే, చెప్పుల్లేకుండా ఉన్నప్పుడు జిల్లుమంటుంది. ఇన్నేళ్ళుగా అది కంప్యూటర్ల గుణం అనుకుంటున్నాను!

అతని దగ్గరా మొదటిసారికే ఆన్ అయింది. నా ప్రాణం ఉసూరుమంది. అతను మాత్రం, "బస్సులో అంత దూరం కుదుపుకుంటూ తెచ్చారు కదండి, లూజు కాంటాక్టు దానంతటదే కూర్చుంటుంది. ఇది బాగైనట్టు కాదు, ఉంచెళ్ళండి" అన్నాడు. రెండ్రోజులన్నాడు, నాలుగయ్యాయి.

వెళ్ళేసరికి ఒక చీటీ రాసిపెట్టాడు. డిస్కు తన లెక్కలు తనే రాసుకుంటుందట, వాటిని చూపించే చిన్న సాఫ్ట్‌వేరు ఉంది. చీటీ మీద మూడే వరుసలు: 05 దగ్గర 0, సీ5 దగ్గర 0, సీ7 దగ్గర 212. మొదటి రెండూ డిస్కు లోపల పాడైన చోట్ల లెక్క. అక్కడ సున్నాలున్నాయంటే పళ్ళెం మీద ఇంకా మచ్చ పడలేదని. మూడోది డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క. ఆ దారంటే ఇంకేముంది, కేబులే. నా సాటా కేబుల్ పాతకాలంది, పట్టి ఉంచే ఇనప క్లిప్పు లేదు. ఏళ్ళ తరబడి ఫ్యాను అదురుకి జారి, మన కోనసీమ చెమ్మకి లోపలి రేకులు మసిబారాయి. నేను తట్టినప్పుడల్లా ఒక్క క్షణం అతుక్కునేదన్నమాట. కేబుల్ విప్పి నా చేతిలో పెట్టాడు, నిజంగానే నల్లగా ఉంది.

నత్తనడక సంగతి ఇంకా విచిత్రం. ఇలాంటి తప్పులు ఆరు పోగయ్యాయంటే ఎక్స్‌పీ భయపడిపోయి, అల్ట్రా డీఎంఏ అనే వేగం పద్ధతి మానేసి పీఐఓ అనే పాత పద్ధతికి దిగిపోతుందట. ఆ తర్వాత కేబుల్ మార్చినా దానంతటది పైకెక్కదు. డివైస్ మేనేజర్‌లో డిస్కు తగిలి ఉన్న ఐడీఈ ఛానెల్‌ని తీసేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ మళ్ళీ దాన్ని కొత్తగా గుర్తుపట్టి వేగం పెంచుకుంటుంది. నా కళ్ళముందే చేశాడు. పేజ్‌మేకర్ టక్కున తెరుచుకుంది. రెండో షాపు మాట విని కొత్త డిస్కు కొని, అదే కేబుల్ తగిలించుకుని ఉంటే?

గడియారానికి బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ మార్చాడు, సీఆర్2032, వాచీ షాపుల్లో కూడా దొరుకుతుంది. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో దాని పళ్ళు తుడిచాడు. ప్రింటరు నడుస్తూ నడుస్తూ మాయమైపోతుందని చెబితే, ముందువైపు సాకెట్లో పెట్టొద్దు, వెనకాల బోర్డుకే ఉన్న దాంట్లో పెట్టండన్నాడు. ముందు సాకెట్ లోపలి వైరుని మాత్రం బాగుచెయ్యలేదు, "వదిలెయ్యండి" అన్నాడు. అది నాకు నచ్చలేదు, పెన్‌డ్రైవ్ పెట్టాలంటే ఈ నడుంతో వంగాల్సి వస్తోంది.

జిల్లు గురించి చెప్పింది వినాల్సిందే. పవర్ సప్లైలో కరెంటు రొద వడకట్టే కెపాసిటర్లుంటాయి. గోడ సాకెట్లో ఎర్తు లేకపోతే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుకి పోయే దారి లేక డబ్బా మీదే నిలుస్తుంది. మాది పాత పెంకుటిల్లు, మూడో కన్నం పేరుకే ఉంది. మావారు ఎలక్ట్రీషియన్ని పిలిచి దొడ్లో గొయ్యి తవ్వించి బొగ్గూ ఉప్పూ పోయించి ఎర్తు దింపించారు. మా వైపు కాస్త తవ్వితే చెమ్మే కాబట్టి ఆ పని పూటలో తేలిపోయింది. ఇప్పుడు జిల్లు లేదు.

అయినది: కేబుల్ 100, బ్యాటరీ 40, పని 350. మొత్తం 490. బిల్లు అడిగితే నవ్వాడు. నాకు బిల్లు కావాలి, నవ్వు కాదు. పదకొండైతే గానీ షాపు తియ్యడు, ఫోను ఎత్తడు, ఆ నాలుగు రోజుల్లో నాకో పెళ్ళికార్డు ఆర్డరు పోయింది. సైడు రేకుకి మూడు స్క్రూలే బిగించాడు, నాలుగోది ఆ బల్ల మీదే ఎక్కడో దొర్లుతూ ఉంటుంది. వెళ్ళేవాళ్ళు సీపీయూతో పాటు మీ ఇంటి కేబుళ్ళు కూడా పట్టుకెళ్ళండి, ఉట్టి డబ్బా తెస్తే విసుక్కుంటాడు.

వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చి, "కేబుల్ మార్చాను గానీ డిస్కు వయసు తగ్గించలేదమ్మా, ఫైళ్ళు ఇంకోచోట కూడా పెట్టుకోండి" అన్నాడు. ఈ ముహూర్తాలు అవ్వగానే చేస్తాను. ఆ సీ7 లెక్క ఎప్పటికీ తగ్గదట, పెరక్కుండా ఉంటే చాలన్నాడు. చీటీ మానిటరుకి అంటించుకున్నాను. మూడు నెలలైంది, నిన్న రాత్రి మళ్ళీ చూశాను. 212.