వోలా ట్యాప్ ‘పూర్తి సెట్’ అని పెడితే నమ్మకండి!

కోపెన్‌హాగన్‌లో బాత్రూమ్ పని పెట్టుకున్న మనవాళ్లందరికీ చెబుతున్నా. నిన్ననే దెబ్బ తిన్నాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

యాప్ పేరు చెప్పక్కర్లేదు. మనమంతా సోఫాలూ సైకిళ్లూ కొనే సెకండ్‌హ్యాండ్ యాపే. అందులో గోడకు బిగించే వోలా మిక్సర్ కనబడింది, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే ట్యాప్, నారింజ రంగుది. వోలా ఇక్కడి డేనిష్ బ్రాండే. ‘పూర్తి సెట్, 2,200 క్రోనర్లు’. షోరూమ్‌లో కొత్తదాని ధర చూసి మారుమాట్లాడకుండా బయటికొచ్చినదాన్ని, ఇది చూసేసరికి ఆగలేకపోయాను.

పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, ఇక్కడి నేషనల్ బ్యాంక్ భవనం ముందునుంచే రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తాను. దాన్ని డిజైన్ చేసిన ఆర్నె యాకబ్సెనే ఈ ట్యాప్ కూడా డిజైన్ చేశాడు. వెర్నర్ ఓవర్‌గార్డ్ అనే ఫ్యాక్టరీ యజమాని ఆయన దగ్గరికి ఒక ఆలోచన పట్టుకెళ్లాడు: మెకానిజమంతా గోడలో దాచేద్దాం, బయటికి పిడి, నీళ్లొచ్చే గొట్టం మాత్రమే కనబడాలి. 1968లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపం. అన్నీ విడి ముక్కలు, కావలసినట్టు కలుపుకోవచ్చు, పాడైన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో కూడా పెట్టారు. ఇదంతా నాకు కంఠస్థం. ఆ గోడలో దాచే ముక్క పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలని మాత్రం తట్టలేదు.

తట్టాల్సిందే. వాల్బీ అనే పేటలో, అమ్మినవాడి ఇంటి మెట్ల దగ్గర వానలో నిలబడి కాగితం విప్పాను. పిడి వదులుగా ఊగుతోంది. ‘గోడకు బిగించాక గట్టిగా ఉంటుంది’ అన్నాడు, నేను తలూపాను. పెట్టె తేలిగ్గా ఉంది. డేనిష్ డిజైన్ కదా, తేలిగ్గానే ఉంటుంది అనుకున్నాను! ఎంత తెలివో చూడండి.

నిన్న ప్లంబర్ వచ్చాడు. ముక్కలన్నీ నేలమీద పరిచి, ‘మిగతాది?’ అన్నాడు. ‘ఇంతే’ అన్నాను. ఒకసారి గోడలో రంధ్రం వైపు, ఒకసారి నా వైపు చూసి, వచ్చినందుకు బిల్లు వేసి వెళ్లిపోయాడు.

అమ్మినవాడికి మెసేజ్ పెట్టాను. జవాబు చదవండి: ‘ఫొటోలో ఉన్నవన్నీ ఇచ్చాను. ఇది మాడ్యులర్ సిస్టమ్, లేని ముక్క విడిగా కొనుక్కో.’ చివర బొటనవేలు బొమ్మ ఒకటి. ఆ ఫొటో గోడకు బిగించి ఉన్నప్పుడు తీసింది. గోడ లోపలిది ఫొటోలో కనబడదు కాబట్టి ఇవ్వలేదట! పాత బాత్రూమ్ పగలగొట్టినప్పుడు పైపైవి ఊడదీసుకుని, అసలు బాడీని గోడతోపాటు చెత్తలో పారేసి ఉంటాడు. యాకబ్సెన్ అంత కష్టపడి దాచింది వీడి మోసానికి పనికొచ్చింది. ‘మరి పూర్తి సెట్ అని ఎందుకు రాశావు?’ అని అడిగితే బ్లాక్ చేశాడు.

షాపులో లోపలి బాడీ ధర అడిగాను. నేను తగలేసినదానికంటే ఎక్కువే చెప్పారు. వీడియో కాల్‌లో అమ్మ అయితే, ‘ఒక్క నల్లాకు అన్ని పైసలు పెడ్తవా బిడ్డా, నీళ్లు గూడ రాలే?’ అంది. ఏం చెప్పను.

ఇద్దరూ ప్రైవేటు వ్యక్తులైతే ఇక్కడి వినియోగదారుల ఫిర్యాదుల బోర్డు కేసు తీసుకోదు, ఆ ఆశ పెట్టుకోకండి. కొనేముందు గోడలోకి వెళ్లే ఇత్తడి బాడీ ఫొటో విడిగా అడగండి. డబ్బు పంపేలోపు ముక్కలన్నీ నేలమీద పరిచి చూసుకోండి, వాన పడుతున్నా సరే.

అన్నట్టు, ఎవరి దగ్గరైనా పైభాగాలు లేకుండా లోపలి బాడీ ఒక్కటే పడి ఉంటే చెప్పండి. నారింజ రంగు పిడి, గొట్టం నా దగ్గర రెడీగా ఉన్నాయి.