ఇగ్నో ఎం.ఏ. సైకాలజీ: బీకాం చదివిన నా అనుభవం

ఆడిటర్ దగ్గర లెక్కలు చూసే నాకు కౌన్సెలింగ్‌లోకి మారాలని బలమైన కోరిక. దూరవిద్య అందించే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) సైకాలజీ ఎం.ఏ.లో చేరడానికి అప్పట్లో ఏ డిగ్రీ అయినా సరిపోయేది. పాఠాలన్నీ ఇగ్నో ఆన్‌లైన్ పాఠాల భండారం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితం. రాత్రి వంటిల్లు సర్దాక ఫోనులోనే చదివేదాన్ని. జ్ఞాపకం, అభ్యసనం గురించిన పాఠాలు అద్భుతంగా ఉన్నాయి. చాలామంది భయపడే స్టాటిస్టిక్స్ నాకు ఊరటనిచ్చింది. మాధ్యమం ఇంగ్లీషు, హిందీ మాత్రమే కాబట్టి తెలుగులో నోట్సు సొంతంగా రాసుకున్నాను. ఎదుటి మనిషి మాట ఓపికగా వినడం మాత్రం ఇంటర్న్‌షిప్‌లోనే అలవడింది.

ఈ పట్టాతోనే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, దానికి భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) గుర్తించిన శిక్షణ, నమోదు తప్పనిసరి. పైగా 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులను యూజీసీ నిలిపివేసింది. ఉద్యోగం మానలేని ఆడవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. ఇప్పుడు చేరాలనుకునేవారు రెగ్యులర్ కళాశాలనే ఎంచుకోండి.