‘కొంచెం సిగ్గు, తర్వాత తింటుంది’ అని చెప్పి గార్టర్ పామును అమ్మితే కొనకండి

హైదరాబాదులో గార్టర్ పామును, అంటే ఒంటి మీద గీతలుండే చిన్న అమెరికా పామును, కొనాలనుకుంటున్నవారు డబ్బు ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. నాకు తొమ్మిది వేల రూపాయలు పోయాయి. డబ్బు పోతే పోయింది. ఒక మూగ ప్రాణిని పంతొమ్మిది రోజులు ఆకలితో మాడ్చాను. ఆ బాధే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మల్కాజిగిరిలోని మా ఇంట్లో పదేళ్లుగా చేపలు పెంచుతున్నాను. జూన్ చివరలో, తొలి వానలు పడిన వారంలో, ఫోనులో ఒక ప్రకటన చూశాను. అమెరికా గార్టర్ పాము పిల్ల, విషం లేదు, చేపలు తింటుంది అని ఉంది. ఎలుకలు వేయవలసిన పని లేదు, ఇంట్లో చిన్న గప్పీ చేపలు ఉండనే ఉన్నాయి అనుకున్నాను. మెట్టుగూడ మెట్రో స్టేషను కింద ఒక యువకుడు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టాడు. కాగితాలు అడిగితే ‘ఇంట్లో పుట్టిన పిల్ల సార్, కాగితాలు అవసరం లేదు’ అన్నాడు. బాగా తింటుందా అని అడిగాను. ‘కొంచెం సిగ్గు సార్. మనం చూస్తుంటే తినదు. రెండు వారాలు దాని మానాన వదిలేయండి’ అన్నాడు.

ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే నమ్మాను. గార్టర్ పాము కొత్త చోటికి వచ్చినప్పుడు కొన్నాళ్లు తిండి ముట్టకపోవడం మామూలే. దాక్కునే చోటు లేకపోయినా, మనుషులు పదేపదే తొంగిచూస్తున్నా, తొట్టె చల్లగా ఉన్నా తినదు. కుబుసం విడిచే ముందు కళ్లు పాలు కలిపినట్టు మసకబారుతాయి, ఆ రోజుల్లోనూ తినదు. అలాంటప్పుడు తొట్టెకు రెండు వైపులా దాక్కునే గూళ్లు పెట్టాలి, వారం పాటు చేతిలోకి తీసుకోకూడదు, ఆహారాన్ని గూటి ముందు ఉంచి మనం అక్కడి నుంచి వెళ్లిపోవాలి. ఇవన్నీ చేశాను. తొట్టె చుట్టూ వార్తాపత్రికలు అతికించాను. రాత్రి నీళ్ల గిన్నెలో ఏడు గప్పీలు వదిలితే, తెల్లవారి చూసేసరికి ఏడూ ఈదుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత నర్సరీ నుంచి వర్మీకంపోస్టు వానపాములు తెచ్చి వేశాను. వాటినీ ముట్టలేదు. అదే మంచిదైందని తర్వాత తెలిసింది. ఆ ఎర్ర వానపాములు గాయపడితే ఒంటి నుంచి ఒక పసుపు ద్రవాన్ని వదులుతాయి, అది గార్టర్ పాములకు పడదు. అనుభవం ఉన్నవారు మట్టిలో దొరికే పెద్ద వానపాములనే వేస్తారు. గోల్డ్ ఫిష్ సంగతీ అంతే. దానిలోని థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. అదే పనిగా గోల్డ్ ఫిష్ పెడితే పాముకు మూర్ఛలు వస్తాయి. ఈ రెండూ మన ఊళ్లో సులువుగా దొరుకుతాయి. అందుకే నిజమైన గార్టర్ పాము ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

పన్నెండో రోజున అమ్మినతనికి ఫోను చేశాను. ఇంకో వారం ఆగమన్నాడు. పదిహేనో రోజు నుంచి ఫోను ఎత్తలేదు.

పంతొమ్మిదో రోజున దాన్ని చేతిలోకి తీసుకుంటే పక్కల చర్మం వదులై, వెన్నెముక గట్టులా తేలి ఉంది. భయపడి ఒళ్లు ఉబ్బించింది. మెడ దగ్గర పొలుసుల సందుల్లో నీలి రంగు కనిపించింది. గార్టర్ పాముల ఫొటోలు ఎన్ని చూసినా అలాంటి రంగు చూసిన గుర్తు లేదు. అప్పుడు పాములను కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోను చేశాను. వచ్చిన వాలంటీరు ఒక్క చూపులోనే గుర్తుపట్టాడు. అది అమెరికా నుంచి వచ్చినది కాదు. వానాకాలంలో మన పొలం గట్ల మీద, కుంటల పక్కన తిరిగే చారల పాము. ఇంగ్లీషులో దాన్ని స్ట్రైప్డ్ కీల్‌బ్యాక్ అంటారు. దాని ప్రధాన ఆహారం చిన్న కప్పలు. అది నా గప్పీలను ముట్టకపోవడానికి సిగ్గు కారణం కాదు. ఎవరో గట్టు మీద పట్టి డబ్బాలో పెట్టి అమ్మిన అడవి ప్రాణి అది.

తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు, నేనే కొనే ముందు చూడలేదు. చాలా రకాల గార్టర్ పాములకు మూడు గీతలు ఉంటాయి. ఒకటి సరిగ్గా వీపు నడుమ, మిగతా రెండు పక్కల. మన చారల పాముకు వీపు నడుమ గీత ఉండదు. రెండు పసుపు గీతలే ఉంటాయి. అవి తోక వైపు స్పష్టంగా, తల వైపు చెదిరినట్టు కనిపిస్తాయి. ఇంకా అనుమానం ఉంటే మలద్వారాన్ని కప్పే పొలుసు చూడండి. గార్టర్‌కు అది ఒకటే, చారల పాముకు రెండుగా చీలి ఉంటుంది.

మన అడవి పాములను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు. అమ్మినవాడు ఫోను మార్చేసి తప్పించుకుంటాడు, పాము మాత్రం మన ఇంట్లో దొరుకుతుంది. నిజంగా విదేశీ పామే అయినా దిగుమతి కాగితాలు లేకుండా కొనవద్దు. పైగా గార్టర్ పాములు చలికి అలవాటుపడినవి. కెనడాలోని మానిటోబాలో, నార్సిస్ దగ్గర, చలికాలమంతా భూగర్భంలో గడిపి వసంతంలో వేలకొద్దీ బయటికి వస్తాయి. మన మే నెల ఎండల్లో, కరెంటు పోయిన ఇంట్లో అలాంటి ప్రాణి పరిస్థితి ఏమవుతుందో కూడా ఆలోచించండి.

ఎవరైనా ‘సిగ్గు’ అనే మాట ఎత్తితే అక్కడే ఆగండి. ఆరోగ్యంగా, కుదురుకున్న గార్టర్ పిల్ల చేప వాసన తగిలితే గూట్లోంచి తల బయట పెడుతుంది, వారంలో రెండు మూడు సార్లు తింటుంది. డబ్బు ఇచ్చే ముందు మీ కళ్ల ఎదుట తినిపించమని అడగండి. ఈరోజు తినదు అంటే, తిన్న రోజునే వచ్చి కొంటానని చెప్పండి. కిందటిసారి ఏమి తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది అని అడగండి. పెంచినవారు తడుముకోకుండా చెబుతారు.

ఆ పామును వాలంటీరు తీసుకెళ్లాడు. అది కోలుకున్నదని, అటవీ శాఖకు తెలియజేసి ఒక చెరువు గట్టున వదిలామని వారం తర్వాత ఫోను చేసి చెప్పాడు. అమ్మినతని నంబరును నేను అటవీ శాఖకు ఇచ్చాను. నిన్న అవే మాటలతో కొత్త నంబరు మీద మళ్లీ ప్రకటన వచ్చింది. ఫొటో పెద్దది చేసి చూశాను. వీపు మీద గీతలు రెండే ఉన్నాయి.