రెండోసారి చూసినా భయపెట్టే సినిమాలు

సైకలాజికల్ హారర్ సినిమా ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ఒకటే చూసుకుంటాను. ముగింపు తెలిశాక మళ్ళీ చూసినప్పుడు ఆ సినిమా భయపెట్టిందా లేదా? మొదటిసారి భయపెట్టడం పెద్ద కష్టం కాదు. చీకటి, ఉన్నట్టుండి ఒక పెద్ద చప్పుడు, అద్దంలో ఇంకో మొహం ఉంటే చాలు. కాజీపేటలో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రాత్రంతా గూడ్సు బండ్ల మోత అలవాటైన చెవులకు స్పీకర్ల హోరుతో భయం పుట్టదు. ఏళ్ళ తరబడి ఈ రకం సినిమాలే చూస్తూ, కొన్నిటిని మళ్ళీ మళ్ళీ చూసి, చివరికి నా దగ్గర మిగిలినవి ఇవి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకు 'కౌన్' (1999) చెప్తాను. రాంగోపాల్ వర్మ తీసిన హిందీ సినిమా, స్క్రీన్‌ప్లే అనురాగ్ కశ్యప్‌ది. ఒకటే ఇల్లు, బయట వాన, లోపల ఒంటరిగా ఊర్మిళ, గుమ్మం ముందు మనోజ్ బాజ్‌పాయ్. టీవీలో ఒక హంతకుడి వార్త వస్తుంది, కాలింగ్ బెల్ మోగుతుంది. పాటలు లేవు, దాదాపు గంటన్నరలో అయిపోతుంది. మొదటిసారి చూస్తున్నంతసేపు 'తలుపు తీయకమ్మా' అనుకుంటూనే ఉంటాం. రెండోసారి చూసేటప్పుడు వాళ్ళు మాట్లాడే ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది. ఇంతకంటే చెప్తే చూడాల్సినవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది మలయాళం 'భూతకాలం' (2022). రాహుల్ సదాశివన్ దర్శకుడు. అద్దె ఇంట్లో ముసలామె చనిపోతుంది, ఆమె కూతురు, మనవడు మిగులుతారు. తల్లికి డిప్రెషన్. కొడుక్కి చదువు అయిపోయింది, ఉద్యోగం లేదు, తల్లి దూరం పంపదు. రాత్రిళ్ళు ఇంట్లో ఏదో ఉందని అతనంటే ఎవరూ నమ్మరు, పిచ్చి పట్టిందనుకుంటారు. సినిమాలో చాలాసేపు మనకు కనిపించేది ఏమీ ఉండదు. పరకాల నుంచి వచ్చిన మా చిన్నమ్మ కొడుకు "అన్నా, ఇంకా దయ్యం రాలేదేందే?" అని అడుగుతూనే ఉన్నాడు. కానీ పడుకుని చూస్తున్నవాడు లేచి కూర్చున్నాడు, వంటింట్లో లైటు వేసి వచ్చాడు.

ఆ సినిమా మన దగ్గర బాగా తగులుతుందని ఎందుకంటున్నానంటే, హన్మకొండలో కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులు తీసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పిల్లలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. అలాంటి కొడుకు ఇంటికొస్తే, అన్నం తినేటప్పుడు తల్లీకొడుకుల మధ్య ఉండే మౌనాన్ని ఈ సినిమా ఉన్నదున్నట్టు చూపించింది. దయ్యం ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో ఊపిరాడదు. రెండోసారి చూసినప్పుడు నాకు ఆ తల్లి మీద కోపం పోయి, జాలి, దాంతోపాటే భయం వచ్చాయి. తల్లిగా చేసింది రేవతి. ముప్ఫై ఏళ్ళ కింద వర్మ తీసిన 'రాత్రి' (1992)లో దయ్యం పట్టిన అమ్మాయి కూడా ఆమే. రెండూ వరసగా చూడండి. ఒకే నటి ఒకదాంట్లో భయపెడుతుంది, ఇంకోదాంట్లో భయపడుతూ బతుకుతుంది.

'భూతకాలం' దర్శకుడిదే 'భ్రమయుగం' (2024) పూర్తిగా బ్లాక్ అండ్ వైట్. తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. అడవిలో దారి తప్పిన ఒక పాటగాడు పాడుబడ్డ పెద్ద ఇంటికి చేరతాడు. ఇంటి యజమాని మమ్ముట్టి అన్నం పెడతాడు, పాట పాడించుకుంటాడు, పాచికలాటకు కూర్చోబెడతాడు. తర్వాత ఆ పాటగాడు ఆ ఇల్లు దాటి పోలేడు. ఎన్ని రోజులైందో కూడా లెక్క తప్పుతుంది. మా బాపు సాధారణంగా ఇలాంటి సినిమాలకు కూర్చోడు, దీనికి మాత్రం చివరిదాకా కూర్చుని, "గడీల జీతమున్నోళ్ళ కత లెక్కనే ఉంది" అన్నాడు. అంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. దొర నవ్వుతూ మాట్లాడుతున్నా ఎదుటివాడి వెన్నులో వణుకు ఎందుకు పుడుతుందో వెట్టి చాకిరీ చూసిన ఊళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మమ్ముట్టి నవ్వు అలాంటిదే. దీన్ని ఫోన్లో చూడకండి, ఆ నలుపులో సగం పోతుంది.

'చంద్రముఖి' (2005) అందరం చూశాం, కానీ దానికి మూలమైన ఫాజిల్ మలయాళ సినిమా 'మణిచిత్రతాళ్' (1993) చూసినవాళ్ళు మన దగ్గర తక్కువ. అందులో శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మంచం ఎత్తే సీను మనకు తెలిసిందే అయినా, శోభన మాట మెల్లగా మారిపోయే ఆ కొద్ది క్షణాలు ఇప్పటికీ నాకు చెమటలు పట్టిస్తాయి. ఆ అమ్మాయి ఒంటరితనాన్ని కథ గౌరవంగా చూసింది. ఈ రకం సినిమాల్లో అది అరుదు. మనసు బాగాలేనివాళ్ళంటే కత్తి పట్టుకుని తిరిగేవాళ్ళేనని చూపించే సినిమాలు లెక్కలేనన్ని వచ్చాయి, వాటి వల్లే మన ఇళ్ళల్లో మనసుకు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే నామోషీ అయింది.

తెలుగులో 'మసూద' (2022) మొదటి సగం చాలా బాగుంటుంది. బడిలో టీచర్‌గా పనిచేసే తల్లి, కూతురు, పక్కింట్లో పిరికివాడైన కుర్రాడు. కూతురికి ఏమవుతుందో అర్థం కాక, తల్లిగా చేసిన సంగీత పడే యాతనలోనే భయమంతా ఉంది. పాత కథ చెప్పడం మొదలయ్యాక నిడివి పెరిగి పట్టు సడలింది. చేతబడి చుట్టూ తిరిగే 'మా ఊరి పొలిమేర' (2021) సత్యం రాజేష్ కోసం చూడొచ్చు, అతనిలో అంత నటుడున్నాడని నేను అనుకోలేదు. కానీ ఒక్క మాట. చేతబడి కథలంటే మన జిల్లాల్లో వట్టి కాలక్షేపం కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. చిన్నపిల్లలతో కలిసి చూస్తే సినిమా అయ్యాక వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

'రాక్షసుడు' (2019) టెన్షన్‌కు పెట్టింది పేరు, తమిళ 'రాట్చసన్' (2018)కు దాదాపు అచ్చు. మళ్ళీ చూసినప్పుడు మాత్రం హంతకుడి సీన్లు నన్ను అంతగా కదిలించలేదు. స్కూల్లో ఆడపిల్లలను వేధించే ఆ మాస్టారు సీన్లు మాత్రం మొదటిసారికంటే ఎక్కువ భయపెట్టాయి. అలాంటివాడు ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు.

ఇంగ్లీషులో హిచ్‌కాక్ 'సైకో' (1960) ఇంకా పాతబడలేదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ అప్పట్లో థియేటర్లకు షరతు పెట్టాడు. ఇంట్లో చూసేటప్పుడు కూడా ఆ షరతు పాటించండి, మధ్యలో ఫోన్ పట్టుకుంటే పని చెడుతుంది. 'షట్టర్ ఐలాండ్' (2010) నా పరీక్షలో మంచి మార్కులతో పాసయింది. రెండోసారి చూసేటప్పుడు డికాప్రియోను వదిలేసి అతని చుట్టూ ఉన్నవాళ్ళను గమనించండి, వేరే సినిమా చూసినట్టుంటుంది.

డబ్బింగ్ గురించి కూడా చెప్పాలి. ఈ సినిమాల్లో భయం సగం గొంతులోనే ఉంటుంది. 'మణిచిత్రతాళ్', 'భూతకాలం' మలయాళంలోనే సబ్‌టైటిల్స్‌తో చూడండి. చదవడం కష్టమనుకునే పెద్దవాళ్ళతో చూస్తుంటే డబ్బింగ్ పెట్టుకోండి, అర్థం కాక మధ్యలో లేచిపోవడం కంటే అది నయం. ఇంట్లో మంచి స్పీకర్లు లేకపోతే మామూలు ఇయర్‌ఫోన్స్ సరిపోతాయి.

'హెరెడిటరీ' (2018), 'ది బాబడూక్' (2014) చివరికి ఉంచుకోండి. రెండూ ఇంట్లో చావు తర్వాత మిగిలినవాళ్ళు ఏమవుతారనే దాని చుట్టూ తిరిగేవే. 'హెరెడిటరీ'లో భోజనాల బల్ల దగ్గర టోనీ కొలెట్ కొడుకు మీద అరిచే సీనులో దయ్యం లేదు, రక్తం లేదు, అయినా నేను మళ్ళీ చూడడానికి ధైర్యం చేయాల్సి వచ్చింది. ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, కనీసం సంవత్సరీకం దాటేదాకా ఈ రెండూ ముట్టుకోవద్దు. అప్పటిదాకా 'కౌన్' చాలు, అదీ ఇంకొకరు పక్కనున్నప్పుడే.