పసిపిల్లల బట్టలు: సైజు పెంచాలా, కటింగ్ మార్చాలా?

ప్యాంటు పొట్ట దగ్గర పట్టేస్తోందంటే వెంటనే పై సైజు తెచ్చేస్తాం. నడుము సరిపోతుంది గానీ కాళ్లు నేల మీద ఈడ్చుకుంటూ ఉంటాయి. పోనీలే అని కింద మడత పెడితే సీటు మోకాళ్ల దాకా జారుతుంది. అప్పుడప్పుడే పరుగు నేర్చుకుంటున్న పిల్లాడు ఆ గుడ్డ కాళ్లకు అడ్డంపడి బోర్లా పడతాడు. చొక్కాలతోనూ ఇదే గొడవ. ఛాతీ కోసం పెద్దది కొంటే భుజం కుట్టు మోచేతి వైపు దిగిపోతుంది, చేతులు వేళ్లను కప్పేస్తాయి.

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల విషయంలో ఏది మేలు అంటే నా మాట ఇది: పొడవు చాలకపోతేనే సైజు పెంచండి. ఒంటి తీరు వల్ల ఇబ్బంది వస్తుంటే అదే సైజులో వేరే కటింగ్ చూడండి. ఆ రెండూ కుదరనప్పుడు కుట్టు విప్పి సరిచేయించండి. "వీడికేవీ సరిపోవు" అని పిల్లల ముందే అనేస్తుంటారు కొందరు. బొద్దుగా ఉన్నా, పీలగా ఉన్నా లోపం పిల్లల్లో లేదు, ఆ బట్టను కుట్టిన కొలతలే వేరు.

వయసు చీటీయా, సెంటీమీటర్లా?

ఇక్కడ పోటీయే లేదు, సెంటీమీటర్లే మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల్లో రెండేళ్ల మగపిల్లల సగటు ఎత్తు 87 సెం.మీ. అయితే 81 ఉన్నా, 93 ఉన్నా మామూలు ఎదుగుదల కిందే లెక్క. ఆడపిల్లల సగటు 86కి కాస్త తక్కువ, తేడాలు దాదాపు అంతే. యూరప్ పద్ధతిలో పిల్లల సైజు అంటే ఎత్తే: 80, 86, 92, 98, 104, ఇలా ఒక్కో సైజుకు 6 సెం.మీ. చొప్పున పెరుగుతుంది. అంటే ఒకే రోజు పుట్టిన, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల మధ్య రెండు సైజుల తేడా ఉండొచ్చు. వాళ్లిద్దరికీ "2 ఏళ్లు" అన్న ఒకే చీటీ ఎలా పనికొస్తుంది?

వయసు లేబుళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా సైజుల్లో "24 నెలలు" వేరు, "2టి" వేరు (టి అంటే టాడ్లర్, అంటే నడక నేర్చిన పసివాళ్లు). వయసు ఒకటే కదా అని ఏదో ఒకటి తీసేసుకుంటాం. చాలా బ్రాండ్లలో మొదటిది డైపర్‌కు చోటు వదిలి కుట్టింది, రెండోది కాస్త పొడవుగా, సీటు దగ్గర సన్నగా ఉంటుంది. డైపర్ వేసుకునే బొద్దు పిల్లలకు మొదటిది, డైపర్ మానేసి ఎత్తు సాగిన వాళ్లకు రెండోది నప్పుతుంది.

సెంటీమీటర్ల లేబుల్ చెప్పేది కూడా ఎత్తు ఒక్కటే. అసలు గొడవ వచ్చేది వెడల్పు దగ్గర.

బొజ్జ ఉన్న పిల్లలకు

ఈ వయసులో బొజ్జ ఉండటం సహజం. పొట్ట కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు, నిలబడితే నడుము లోపలికి వంగి పొట్ట ముందుకు వస్తుంది. అన్నం తిన్నాక ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి టేపు పెట్టేది కడుపు నిండాక, పిల్లను కూర్చోబెట్టి. పొద్దున్నే నిలబెట్టి తీసిన కొలతను నమ్మి కొంటే మధ్యాహ్నానికే బిగుసుకుంటుంది.

ఇప్పుడు పై సైజు కొంటే ఏమవుతుందో లెక్క చూడండి. రెండు సైజులు పెంచి 86 నుంచి 98కి వెళితే ఎత్తు 12 సెం.మీ. పెరుగుతుంది. నడుము మాత్రం చాలా చార్టుల్లో రెండు మూడు సెంటీమీటర్లే పెరుగుతుంది. పొట్టకు రెండు సెంటీమీటర్లు కావాలని ఒంటి పొడవుకు మించి 12 సెంటీమీటర్లు మోయించడం అన్నమాట. సైజు పెంచడం ఇక్కడ దండగ.

నడుము పట్టీ మారిస్తే మాత్రం పని జరుగుతుంది. మామూలుగా దొరికేవి మూడు రకాలు. మొదటిది సన్నటి ఎలాస్టిక్‌ను లోపల దూర్చి కుట్టింది. చవకగా ఉంటుంది, అన్నిచోట్లా కనిపిస్తుంది, బొజ్జ ఉన్న పిల్లలకు మాత్రం అన్నిటికన్నా ఇదే చెడ్డది. ఒత్తిడంతా ఒకే గీత మీద పడుతుంది. సాయంత్రం ప్యాంటు విప్పితే బొడ్డు కింద ఎర్రగా, ముడతలు ముడతలుగా అచ్చు పడి ఉంటుంది.

రెండోది నాలుగైదు వేళ్ల వెడల్పున్న అల్లిక పట్టీ, టీషర్టు మెడకు ఉండేలాంటి సాగే గుడ్డ. దాన్ని బొజ్జ పైకి లాగి వేయొచ్చు, కిందకు మడిచి కూడా వేయొచ్చు. ఒత్తిడి వెడల్పుగా పరుచుకుంటుంది కనుక గీత పడదు. బొజ్జ ఉన్న పిల్లలకు నేను నిస్సందేహంగా చెప్పేది ఇదే.

మూడోది లోపల కాజాలున్న ఎలాస్టిక్. ప్యాంటు నడుమును లోపలి వైపుకు తిప్పి చూస్తే రెండు పక్కలా చిన్న గుండీ ఉంటుంది, దానికి తగిలించిన ఎలాస్టిక్ పట్టీకి వరసగా కాజాలు ఉంటాయి. పట్టీని లాగి ఎంత లోపలి కాజాలో గుండీ పెడితే నడుము అంత బిగుస్తుంది. దీని అసలు లాభం బొజ్జ పిల్లలకు కాదు, సన్నగా ఉన్నవాళ్లకు. వాళ్లకు ఎత్తును బట్టి సైజు కొని నడుమును లోపలి నుంచి బిగించుకోవచ్చు. ఒక్కటి మాత్రం గమనించాలి: బాగా లోపలి కాజా దాకా లాగాల్సి వస్తే మిగిలిన గుడ్డంతా వెనక కుచ్చులుగా చేరి కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. అలాంటప్పుడు ఆ ప్యాంట్లు పక్కన పెట్టి ఒంటికి అంటుకునే లెగ్గింగ్స్‌కు మారండి.

డంగ్రీల గురించి, అంటే ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలుండే ప్యాంట్ల గురించి కూడా చెప్పాలి. బరువంతా భుజాల మీద వేలాడుతుంది, నడుము ఎంతున్నా ఇబ్బంది లేదు, పట్టీలు పొడిగిస్తే కొన్ని నెలలు ఎక్కువే వస్తుంది. బొద్దుగా ఉన్నా, పీలగా ఉన్నా నప్పే బట్ట ఇదొక్కటే. అయితే డైపర్ మాన్పించే రోజుల్లో మాత్రం వద్దు. పిల్ల "అమ్మా" అని పిలిచినప్పటి నుంచి రెండు బకిల్స్ ఊడదీసే లోపు పని అయిపోతుంది. ఆ నెలల్లో పిల్ల తనంతట తాను కిందకు లాగుకోగలిగే నడుము పట్టీయే కావాలి.

ఒకే ముక్కా, పైనా కిందా వేరుగానా?

పైనా కిందా కలిపి ఒకే ముక్కగా కుట్టే రోంపర్లు, కాళ్ల మధ్య టిచ్ బటన్లు పెట్టే బనియన్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, వీపు బయట పడదు. కానీ మొండెం పొడుగ్గా, కాళ్లు పొట్టిగా ఉన్న పిల్లలకు ఇవి పెద్ద టెన్షన్. బటన్లు పెట్టగానే భుజాలు కిందకు లాగుతాయి. పిల్ల వంగితే టపటపా ఊడిపోతాయి. భుజం మీద నుంచి టేపు వదిలి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి చేర్చండి. ఎత్తుకు సరిపోయే సైజు రోంపర్‌నూ అలాగే కొలవండి. పిల్ల కొలత ఎక్కువ వస్తే ఒకే ముక్క బట్టలు మానేయడమే మేలు. ఉన్నవాటి కోసం టిచ్ బటన్లకు తగిలించే చిన్న అతుకు పట్టీలు దొరుకుతాయి, అవి కొన్నాళ్లు గడుపుతాయి.

వేరువేరుగా కొంటే ఇంకో సుఖం. పైన 92, కింద 86 కొనుక్కోవచ్చు. సెట్టుగా కొంటే ఒకే సైజు మీద రెండూ వస్తాయి, ఏదో ఒకటి బీరువాలో ఉండిపోతుంది. తీరు కాస్త వేరుగా ఉన్న పిల్లలకు సెట్లు నేను చెప్పను.

తొడలు నిండుగా ఉన్నవాళ్లకు గట్టి జీన్స్ వద్దు. ప్యాంటును తిరగేసి చూడండి, రెండు కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లు ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయా, లేక అక్కడ విడిగా ఒక ముక్క వేసి కుట్టారా అని. ఆ ముక్క ఉంటే గొంతుక్కూర్చున్నా, ఎక్కినా దిగినా పట్టెయ్యదు, కుట్టు కూడా తెగదు.

తల పట్టకపోతే

చొక్కా తల దగ్గర ఇరుక్కుని ఏడుస్తుంటే కూడా పై సైజు అక్కర్లేదు. రెండేళ్ల పిల్లల తల చుట్టుకొలత సగటున 47, 48 సెం.మీ. ఉంటుంది. నడుము కూడా అంతకంటే ఎంతో ఎక్కువేమీ ఉండదు. తల ఎత్తు ఒంటి ఎత్తులో దాదాపు ఐదో వంతు. సైజు పెంచితే ఒళ్లంతా వదులవుతుంది గానీ మెడ కంత పెద్దగా మారదు. భుజం మీద బటన్లున్నవి, భుజాల దగ్గర రెండు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి విచ్చుకునేవి, ముందు గుండీలున్నవి ఎంచుకోండి. చెవులు మడతపడకుండా, ఏడుపు లేకుండా దిగుతుంది.

మరి "ఎలాగూ పెరుగుతాడు కదా" అంటే?

ఆ మాటలో నిజం ఉంది. రెండో ఏట పిల్లలు సుమారు 12 సెం.మీ. పెరుగుతారు, మూడో ఏట ఎనిమిది తొమ్మిది. సైజుకు ఆరు చొప్పున చూస్తే ఒక్కో సైజు ఆరు నుంచి తొమ్మిది నెలలు వస్తుంది. పైగా నూలు బట్ట మొదటి ఉతుకులో ఐదు శాతం దాకా ముడుచుకోవచ్చు, 40 సెం.మీ. చొక్కాకు అది రెండు సెంటీమీటర్లు. కాబట్టి భుజం మరీ దిగనంత వరకు గౌన్లు, చొక్కాలు, స్వెటర్లు ఒక సైజు పెద్దవి కొన్నా నష్టం లేదు. ప్యాంట్లు, బూట్లు మాత్రం ఈ రోజు కొలతకే కొనండి, నడకకు అడ్డొచ్చేవి అవే.

రాత్రి బట్టలు కూడా వదులుగా వద్దు. అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులకు నియమమే ఉంది: నిప్పు తట్టుకునే గుడ్డ అయినా కావాలి, లేదా ఒంటికి అంటుకునేలా కుట్టింది అయినా కావాలి. వదులు నూలు బట్టకు లోపల గాలి ఆడి మంట త్వరగా అంటుకుంటుంది. అలాగే మెడ దగ్గరో టోపీకో తాడు ఉంటే ఆ బట్ట ఎంత బాగా కుదిరినా తీసుకోవద్దు. యూరప్ ప్రమాణాల్లో ఏడేళ్ల లోపు పిల్లల బట్టలకు అక్కడ తాళ్లు పెట్టకూడదు, ఎక్కడైనా చిక్కుకుంటే గొంతుకు బిగుసుకుంటుందని.

సూదికి పని చెప్పేటప్పుడు ఒక్క లెక్క చాలు. పొడవు తగ్గించడం తేలిక, గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టిస్తే తర్వాత విప్పుకోవచ్చు. ఎలాస్టిక్ మార్చడమూ తేలికే. భుజం, సీటు సరిచేయడం మాత్రం మొత్తం విప్పి కుట్టడంతో సమానం. అందుకని భుజానికీ సీటుకీ సరిపోయేది కొని, మిగతావి కుట్టించుకోండి.

కొత్త బట్ట తెచ్చాక చీటీ తీయకుండా ఇంట్లోనే వేసి చూడండి. చేతులు పైకెత్తితే పొట్ట కనబడుతోందా, గొంతుక్కూర్చుంటే నడుము వెనక నుంచి జారుతోందా, పిల్ల ఆటలో పడ్డాక మాటిమాటికీ బట్టను లాక్కుంటోందా గమనించండి. పావుగంట తర్వాత విప్పి నడుము, తొడలు, చంకలు చూడండి. ఎర్రటి అచ్చు ఉంటే తిరిగి ఇచ్చేసి, పై సైజు బదులు వేరే పట్టీ ఉన్నది అడగండి.